గొంతు తెరకు, పలక ఇంటికి

ఈ మధ్య డబ్బింగ్‌లోకి వద్దామనుకునే ఆడపిల్లలు ఎవరో ఒకరు మా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. గొంతు ఎలా కాపాడుకోవాలి, చల్లటి నీళ్ళు తాగొచ్చా, మిరియాలు పని చేస్తాయా అని అడుగుతారు. గోరువెచ్చని నీళ్ళు తాగండి, రికార్డింగ్ ముందు పెరుగు ముట్టకండి, ఊరికే అరవకండి అని చెప్పి పంపిస్తాను. అది రెండు నిమిషాల పని. అసలు తెలుసుకోవలసింది వాళ్ళు అడగరు, మొదటిసారి చూసినవాళ్ళకి నాకూ చెప్పబుద్ధి కాదు. అందుకే రాస్తున్నాను.

నా పేరు భారతి. తెర మీద నా పేరు చూసినవాళ్ళు తక్కువ, నా గొంతు విననివాళ్ళూ తక్కువే. హీరోయిన్లకు సరిపోయే గొంతు కాదు నాది, మరీ సన్నం. నాకు ముప్ఫై ఏళ్ళు వచ్చినా నా గొంతుకు ఎనిమిదేళ్ళు దాటలేదు. అందుచేత పిల్లల పాత్రలన్నీ నా దగ్గరికే వచ్చేవి. జాతరలో తప్పిపోయిన పిల్ల, తల్లి పోయిన పిల్లవాడు, ఆస్పత్రి మంచం మీద నాన్న కోసం కలవరించే పాప, అందరూ నేనే. అందులోనూ ఏడుపుకి పెట్టింది పేరు. స్టూడియోల్లో నన్ను ఏడుపుల భారతమ్మ అనేవారు. మొదట్లో చిన్నబుచ్చుకున్నాను గానీ రానురాను అదే బిరుదయింది.

మైకు ముందు ఎన్ని వేలసార్లు అమ్మా అని పిలిచి ఉంటానో చెప్పలేను. ఆ రోజుల్లోనే నన్ను అమ్మా అని పిలవడానికి ఇంట్లో ఒక పిల్ల ఉండేది. ఆ పిలుపుకి నేను పలికింది చాలా తక్కువ.

కృష్ణానగర్ నుంచి కొండ మీదికి

పెళ్ళికి ముందు బెజవాడలో రేడియో నాటకాల్లో పిల్లల వేషాలు వేసేదాన్ని. రేడియోలో వేషం అంటే గొంతే కదా. మా ఆయనకు హైదరాబాద్‌లో గవర్నమెంటు ఆఫీసు ఉద్యోగం. ఎనభైల మధ్యలో, సినిమా వాళ్ళు మద్రాసు వదిలి ఒక్కొక్కరే ఇటు వస్తున్న రోజుల్లో, మేము కృష్ణానగర్‌లో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. రేడియోలో నన్ను విన్నవాళ్ళెవరో చెబితే డబ్బింగ్‌కి పిలుపు వచ్చింది.

ఇప్పటి పిల్లలకు ఆ ఫిల్మ్‌నగర్‌ని చెప్పినా నమ్మరు. రోడ్డు దిగితే బండరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. అక్కడొక మేడ, ఇక్కడొక స్టూడియో, మధ్యలో గేదెలు. ఆటో దొరక్కపోతే కృష్ణానగర్ సందుల్లోంచి నడిచి పైకి వెళ్ళేదాన్ని. పేరున్న నటుల కార్లు దుమ్ము రేపుకుంటూ పక్కనుంచి పోయేవి, ఆ దుమ్ము గొంతులోకి పోకుండా కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. సీతాఫలాల కాలంలో స్టూడియో గుమ్మం దగ్గరే తట్టలు పెట్టి అమ్మేవారు. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు మైకు గుర్తొస్తుంది.

డబ్బింగ్ అప్పుడు ఇలా ఒంటరి పని కాదు. సినిమాను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ముక్క రెండు కొసలూ కలిపి అతికించి తిప్పేవారు. దాన్ని లూప్ అనేవాళ్ళం. ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ తెర మీదికి వచ్చేది. పెదవి కదలికకు మాట అతికేదాకా చెబుతూనే ఉండాలి. ఒకే మైకు ముందు నలుగురైదుగురం నిలబడేవాళ్ళం. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ చెప్పాలి. పక్కవాళ్ళ మాట వంతు వచ్చిందని మోచేత్తో పొడిచి చెప్పేవాళ్ళం. తిట్టుకునేవాళ్ళం, ఒకే టీ కేటిల్ చుట్టూ చేరి మళ్ళీ కలిసిపోయేవాళ్ళం. ఇప్పుడు ఒక్కొక్కరే వెళ్ళి తమ మాటలు చెప్పేసి వస్తున్నారట. సుఖమే. కానీ ఆ మోచేతి పోట్లు లేని పని నాకు పనిలా అనిపించదు.

ఇక ఇల్లు. రోజంతా సన్నగొంతు పెట్టి ఏడిస్తే సాయంత్రానికి గొంతు పుండులా అయ్యేది. పని అయ్యాక మాట్లాడితే ఈ గొంతు నాలుగేళ్ళు కూడా నిలవదని డాక్టరు హెచ్చరించాడు. యూసుఫ్‌గూడ బజారులో ఒక రాతి పలక, డబ్బాడు బలపాలు కొనుక్కొచ్చాను. సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచి నా మాటలన్నీ పలక మీదే. అన్నం తిన్నావా, తలుపు వెయ్యి, పాలు పొంగుతున్నాయి. మా అమ్మాయి వాసంతి, వాసు అంటాం, బడికి వెళ్ళకముందే చదవడం నేర్చుకుంది ఆ పలక మీదే. మా ఆయనకు మాత్రం ఈ ఏర్పాటు బాగా నచ్చింది. ఊళ్ళో భార్య మాట్లాడని అదృష్టవంతుణ్ణి నేనొక్కణ్ణే అని ఆఫీసులో చెప్పుకునేవారట.

వాసుకి మాటలు నేర్పింది ఇంటి ఓనరు యాదమ్మ. కింది వాటాలో ఉండేది. నేను పనికి వెళితే పిల్ల ఆవిడ ఒళ్ళోనే. అందుకే మా పిల్ల మా యాస మాట్లాడలేదు, యాదమ్మ యాసే మాట్లాడింది. మా అత్తగారు వచ్చినప్పుడు, ఇదెవరి పిల్లే అని నవ్వేవారు.

హమీద్ సాబ్

నాకు దొరికిన పెద్దల్లో చెడ్డవాళ్ళూ ఉన్నారు. ఒక డబ్బింగ్ ఇన్‌చార్జి, పిల్లలున్న ఆడవాళ్ళు టైముకి రారు, వాళ్ళని పిలవను అని కచ్చితంగా చెప్పేశాడు. ఆయనకు పిల్లల గొంతు కావాలి గానీ పిల్లలున్నదాని గొంతు అక్కర్లేదు. అలాంటివాళ్ళు మీకూ తగులుతారు. వాదించకండి, పని చేసి చూపించండి. పని చూపించినా మారకపోతే ఇంకో స్టూడియో చూసుకోండి.

మంచివాళ్ళలో మొదటివారు మా సౌండ్ ఇంజనీరు హమీద్ సాబ్. పాతబస్తీ మనిషి. అద్దం అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవారు. నాలుగైదు సినిమాలు చేశాక, అన్ని సినిమాల్లోనూ నేను ఒకే రకంగా ఏడుస్తున్నానని నాకే విసుగు పుట్టి ఒకరోజు ఆయన దగ్గర వాపోయాను.

"మాట్లాడుడు గీడ నేర్చుకుంటవ్ బేటీ. వినుడు గీడ రాదు," అన్నారాయన. "పొద్దుగాల గుట్టల మీదికి పో. జర చుప్ కూసొని విను."

ఆయనకు పిట్టల పిచ్చి. సెలవు రోజుల్లో గుట్టలన్నీ తిరిగేవారు. నాకూ అంటించారు. వాసు లేవకముందే జూబ్లీహిల్స్ రాళ్ళ మీదికి వెళ్ళి ఒక గంట కూర్చుని వచ్చేదాన్ని. కౌజుపిట్టలు పొదల్లోంచి ఒకదానికొకటి సవాలు విసురుకునేవి. దూరంగా నెమళ్ళు. పికిలిపిట్ట చిన్న పాపలా ముద్దుగా పలికేది. ఇంటి పని, స్టూడియో పని కాకుండా నాకంటూ ఉన్నది ఆ ఒక్క గంటే. అక్కడ నేను ఎవరి తల్లినీ కాదు, ఎవరి గొంతునూ కాదు. ఆ గంట గురించి ఇప్పటికీ నాకు సిగ్గు లేదు. పని చేసే తల్లికి అలాంటి గంట ఒకటి ఉండి తీరాలని నా గట్టి నమ్మకం. నేను చేసిన తప్పు అది కాదు.

పన్నెండో టేక్

వాసుకి ఆరేళ్ళప్పుడు ఒక సినిమా వచ్చింది. తల్లి పిల్లని వదిలి వెళ్ళిపోయే సీను. పిల్ల తల్లి కొంగులో మొహం దాచుకుని ఏడుస్తుంది. పదకొండు టేకులు చెప్పాను. డైరెక్టరుకు ఒక్కటీ నచ్చలేదు. ఇది మీ పాత ఏడుపేనండీ, నాలుగు సినిమాల్లో విన్నాను అన్నాడు. నిజమే.

ఆ పొద్దున ఇంట్లో వాసుకి జ్వరం. యాదమ్మ ఒళ్ళో ఉన్నదల్లా లేచి వచ్చి నా కొంగు పట్టుకుంది. వెళ్ళొద్దని అనలేదు. ఏడుపు మింగుతూ, మధ్యలో వెక్కుతూ, "నువ్వు పో అమ్మా. నేను ఏడ్వ. నువ్వు పో," అంది. పొమ్మంటూనే కొంగు మాత్రం వదల్లేదు. నేను దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, తయారుగా ఉన్న ఆటో ఎక్కి వచ్చేశాను.

పన్నెండో టేక్‌లో అదే చెప్పాను. తెర మీద పిల్ల మొహం కొంగులో ఉంది, పెదవులు కనపడవు, ఏ మాట అయినా అతుకుతుంది. నువ్వు వెళ్ళమ్మా, నేను ఏడవను, నువ్వు వెళ్ళు. యాస మార్చాను. మిగతాదంతా వాసుదే. ఆ మింగడం, ఆ వెక్కు, మూడో మాట దగ్గర ఊపిరి అందకపోవడం, ఏదీ వదల్లేదు.

డైరెక్టరు లేచి వచ్చి దండం పెట్టాడు. నేను పొంగిపోయాను. సామాన్లు సర్దుకుంటుంటే హమీద్ సాబ్ బయటికి వచ్చి, ఇది ఎవరిదని అడిగారు. నాదేనండీ అన్నాను.

"నీది కాదు. నువ్వు గిట్ల ఏడ్వవు," అన్నారాయన. నాకు కోపం వచ్చింది. ఈయనకు ఎప్పుడూ ఏదో ఒక వంక అనుకుంటూ ఇంటికి వచ్చాను.

మ్యాట్నీ

ఆ సినిమా బాగా ఆడింది. ఆదివారం మ్యాట్నీకి వాసుని తీసుకెళ్ళాను, పాప్‌కార్న్ కొనిపెట్టాను. ఆ సీను వచ్చేసరికి హాల్లో ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముందు వరసలో ఒకావిడ పైకే ఏడ్చేసింది. నేను వాళ్ళని చూసి మురిసిపోతున్నాను. పక్కకి తిరిగితే వాసు తెర వైపు చూడటం లేదు. నన్ను చూస్తోంది.

ఆటోలో వస్తుండగా అడిగింది, నాకు జరం వచ్చిన నాడు నన్ను చూసి నేర్చుకున్నవా అని. అబద్ధం చెప్పినా బాగుండేది. నేను గొప్పగా అవునన్నాను. చూశావా, ఎంతమంది ఏడ్చారో, అదంతా నీదే అన్నాను. పిల్ల సంతోషిస్తుందనే అనుకున్నాను. అంత గుడ్డిగా ఉన్నాను.

ఆ రోజు నుంచి వాసు నా ముందు ఏడవడం మానేసింది. మోకాలు దోక్కుపోయినా సరే, నేను గుమ్మంలోకి వస్తే చాలు, మొహం తుడుచుకుని గోడ వైపు తిరిగేది. ముందు నాకు అర్థం కాలేదు, పిల్ల గట్టిపడుతోంది అనుకున్నాను. ఒకరోజు స్టూడియో నుంచి త్వరగా వస్తే కింది వాటాలోంచి దాని ఏడుపు వినిపించింది. నా చెప్పుల చప్పుడు వినగానే ఆగిపోయింది. కొళాయి కట్టేసినట్టు. యాదమ్మ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నీ ముంగట ఏడిస్తే సినిమాకు పట్కపోతవని దాని భయం," అంది. "నాతోని చెప్పింది. నువ్వేమనకు దాన్ని."

అప్పుడు అర్థమైంది హమీద్ సాబ్ ఏమన్నారో. ఆ పిల్ల దగ్గర నాది కాని దాన్ని అడగకుండా తీసుకుని, ఊరందరికీ పంచిపెట్టి వచ్చాను. ఇంతకన్నా సూటిగా నాకు చెప్పడం రాదు. ఆ సాయంత్రం పలక మీద తప్పయిందని రాసి చూపించాను. అది చదివి, ఉమ్మి పెట్టి తుడిచి, పలక నా చేతికి ఇచ్చేసింది.

పని మానేద్దామనుకున్నాను. మానలేదు, మీకు నిజం చెప్పాలి. ఆ పనంటే నాకు ప్రాణం. మానేసి ఇంట్లో కూర్చుంటే ఆ పిల్ల మీదే విసుక్కునేదాన్నని నాకు తెలుసు. రెండు పనులు మాత్రం చేశాను. ఇంట్లో విన్నది ఏదీ మైకు దగ్గరికి తీసుకెళ్ళకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పొద్దున పదింటికి ముందు ఏ స్టూడియోకీ రానని చెప్పేశాను. రెండో దానికి కొన్ని సినిమాలు పోయాయి. అవి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయికి వెళ్ళాయి. ఆ అమ్మాయి బాగా చెప్పింది కూడా, అదే నా బాధ.

తీతువు

నా సొంతం అనుకున్న ఆ గంటలోకి వాసుని తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఇష్టంగా ఇచ్చింది కాదు, మొదటి రోజు అది కాళ్ళీడ్చుకుంటూ వస్తుంటే లోపల సణుక్కున్నాను. రాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. నేను ఎలాగూ మాట్లాడను, అది కావాలని మాట్లాడదు. పలక మధ్యలో పెట్టేదాన్ని. కూసిన పిట్ట పేరు రాసేదాన్ని. అది చదివేది, తల ఊపేది కాదు. నెలలు గడిచాయి అలాగే.

వాసుకి ఎనిమిదో ఏడు వచ్చిన ఎండాకాలంలో మాకు ఒక తీతువు గూడు కనిపించింది. గూడంటే గూడు కాదు, గులకరాళ్ళ మధ్య చిన్న గుంట, అందులో రాళ్ళ రంగులోనే నాలుగు గుడ్లు. యాదమ్మకు చెబితే, తీతువు కూస్తే కీడని చెంపలు వేసుకుంది. మేము మాత్రం రోజూ వెళ్ళేవాళ్ళం. మమ్మల్ని చూడగానే ఆ పిట్ట గుడ్ల దగ్గర్నుంచి చప్పుడు చేయకుండా దూరంగా నడిచిపోయి, అక్కడ నిలబడి కొంపలు మునిగినట్టు అరిచేది. ఎందుకని వాసు కళ్ళతోనే అడిగింది. మనల్ని గుడ్ల దగ్గర్నుంచి ఏమార్చడానికని హమీద్ సాబ్ చెప్పారు, అదే పలక మీద రాశాను. గుడ్లు ఇక్కడ ఉంటాయి, అది అక్కడెక్కడో అరుస్తుంది.

వాసు చదివింది. బలపం నా చేతిలోంచి తీసుకుని కింద రాసింది. నీలాగా.

నేను నవ్వాలో ఏడవాలో తెలియక దాని మొహంలోకి చూశాను. అది నవ్వుతోంది. రెండేళ్ళ తర్వాత నాతో ఆడిన మొదటి వేళాకోళం అది. ఆ మాట నేను తుడవలేదు. మర్నాడు పాల లెక్కకి కూడా పలక వెనక వైపే వాడాను.

మరో పది రోజులకనుకుంటాను, వెళ్ళేసరికి గుట్ట కింద మనుషులు ఎర్రగుడ్డ ఊపుతున్నారు. ఎవరిదో బంగళాకి పునాది. రాళ్ళు పేలుస్తున్నారు, దగ్గరికి రావద్దని అరిచారు. ఒక బండ చాటున నిలబడ్డాం. భూమి అదిరింది, తెల్లటి దుమ్ము లేచింది. అది తగ్గాక చూస్తే గులకరాళ్ళ చోటే లేదు. తీతువు జంట పైన తిరుగుతూ అరుస్తోంది. ఈసారి ఎవరినీ ఏమార్చడానికి కాదు.

వాసు పెదవి వణికింది. నాకు తెలుసు ఏడుపు వస్తోందని. నా మీద ఒట్టు, ఆ క్షణంలో కూడా నా చెవి సిద్ధమైపోయింది. అలవాటు అంత పాపిష్టిది. దానికీ తెలిసిపోయింది. గొంతు బిగబట్టుకుని నా వైపు చూసింది.

"చెవులు మూస్కో," అంది.

రెండు అరచేతులూ చెవులకు గట్టిగా నొక్కుకున్నాను. అప్పుడు ఏడ్చింది వాసు. నాకు ఎదురుగా, నా మొహంలోకి చూస్తూ, నోరు తెరుచుకుని, ముక్కు కారుతూ, భుజాలు ఎగిరిపడుతూ ఏడ్చింది. నాకు ఏమీ వినపడలేదు. పదేళ్ళుగా నా పనే అది కదా, శబ్దం లేని బొమ్మ నోరు కదిపితే గొంతు ఇవ్వడం. ఆ రోజు ఇవ్వలేదు. ఊహించుకోను కూడా లేదు. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా చేతులు తీసి తుడుచుకోలేదు.

ఎంతసేపు అయిందో. చివరికి అదే దగ్గరికి వచ్చి, నా చేతులు రెండూ పట్టుకుని కిందికి లాగింది. "అయిపోయింది. ఇంగ నువ్వు మాట్లాడు," అంది.

ఆ రోజు పదింటికి పెద్ద రికార్డింగ్ ఉంది. ముందు రోజు సాయంత్రం నుంచి పెదవి విప్పలేదు నేను. పలక ఒళ్ళోనే ఉంది. దాన్ని సంచిలో పెట్టేశాను. ఏం మాట్లాడమంటావని అడిగాను. నువ్వు సినిమాల్లో చెప్పేవన్నీ చెప్పమంది. జాతరలో తప్పిపోయిన పిల్లని చెప్పాను. మంచం మీది పాపని చెప్పాను. కౌజుపిట్టలా కూయమంటే కూశాను. గుట్ట దిగి, కృష్ణానగర్ సందుల్లోకి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మా వైపు వింతగా చూశారు. యాదమ్మ గుమ్మంలో నిలబడి, ఈమెకు మాటలొస్తయా అంది.

పదింటికి మైకు ముందు నిలబడి నోరు తెరిస్తే గరగరమని ఏదో వచ్చింది. ఆ సినిమా ఇన్‌చార్జి తల పట్టుకున్నాడు. హమీద్ సాబ్ హెడ్‌ఫోన్లు తీసి బయటికి వచ్చారు.

"గొంతు యాడ పోగొట్టుకున్నవ్ బేటీ?" అన్నారు.

"ఇంట్లో అయిపోయిందండీ," అన్నాను.

ఆయన ఇన్‌చార్జి వైపు తిరిగి, మైకు కరాబైంది, రేపు చూద్దామని చెప్పి, నన్ను ఇంటికి పంపించేశారు.